ఆపా చేసే ఎలుకల మందు

సిద్దిపేట,
అక్టోబర్ 9, 2011, ఆదివారం

పూణెల ఉన్న హీబా ఆపాకు,

తమ్ముడు అక్రమ్ సలాం చెప్పి రాస్తున్న. నువ్వు మంచిగున్నవనుకుంట. ఫోన్ల మాట్లాడుమంటే నాకు నోరు రాదు, నీకెరికే. ఐదుల బడి మానేసినోణ్ని, తప్పులుంటయ్. ఉర్దూ రాయరాదు, గందుకే తెలుగుల. మెసేజులు ముక్కలు ముక్కలుగ వస్తయ్, జోడిచ్చి సదువుకో.

ఈడ సకల జనుల సమ్మె నడుస్తుంది. బస్సులు లెవ్వు, బడులు లెవ్వు. మా మిఠాయి దుకాణం సేటు పొద్దుగాల జరసేపు తెరిచి షట్టర్ గుంజుతుండు. తెలంగాణ వచ్చిన్నాడు బజార్ల అందరికి బూందీ పంచుతడట. గా బూందీ నేనే దుయ్యాలె.

అసలు సంగతి అమ్మీది. మొన్న నువ్వు ఫోన్ల, మా ల్యాబుల చేసే క్యాన్సర్ మందు ఇప్పుడు ఎలుకలకే ఇస్తున్నం అన్నవ్ గదా. స్పీకర్ పెట్టి ఉండె. పక్కింటి దుర్గవ్వ గూడ కూసొని ఇన్నది. నువ్వు పెట్టేసినంక, అమ్మీని సూసి, ఏందే షంషూ, గంత సదువు సదివి నీ బిడ్డ ఎలుకల మందు జేస్తుందా, గది మన కిరాణం దుకాణంల దొరుకుతది గదనే అని నవ్వింది.

అమ్మీ నవ్వలే. ఆమెకు నీ మందు మీదనే ఆశ ఆపా. జుట్టంత ఊడిపోయె, తిన్నది కక్కుతుండె. ఇగ పట్నం దవాఖానకు రాను, ఆ ఇంజెక్షన్లు నాతోని కాదు, నా బిడ్డ మందు వచ్చినంక గదే ఏసుకుంట అని మొండికేసి ఉన్నది. ఎలుకల మందు అనంగనే చున్నీ మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది.

నేను ఎన్నడు గంత మాట్లాడలే. గా దినం మాట్లాడిన. అది ఎలుకల్ని సంపే మందు కాదమ్మీ, రోగమొచ్చిన ఎలుకల్ని బతికియ్య సూసే మందు అన్న. రంజాన్‌కు వచ్చినప్పుడు నువ్వు నాకు చెప్పినయన్ని చెప్పిన. ఎంట్రుకంత సన్నటి కాలువలున్న అద్దం బిళ్ళ ఉంటదట. నడిమి కాలువల మందు, దానితోని పాలిమర్ అని ప్లాస్టిక్కుకు చుట్టమసోంటిది. పనైనంక ఒంట్లనే కరిగిపోతదట. రెండు పక్కల నీళ్ళు. అన్ని కల్సిన కాడ కండ్లకు కానరాని గోలీలు కడతయట, మందును కడుపుల దాసుకొని.

ఆమెకు సమజ్ కాలే. ఇగ బూందీ లెక్క చెప్పిన. గంటె పట్టిన చెయ్యి వణికితే ఒకటి పెద్దగ, ఒకటి సన్నగ పడ్తది. సన్నది మాడుతది, పెద్దది లోపట పచ్చిగుంటది. ఆపా కాలువలల్ల చెయ్యి వణుకుడు లేదు, అన్ని ఒక్క తీరు. గట్లుంటెనే గడ్డ కాడికి పోయి ఆడనే మందు ఇడుస్తయేమో, ఒళ్ళంత కాల్చయేమో అని సూస్తున్రు అన్న.

మరి మనుషులకు ఎన్నడిస్తరురా అని దుర్గవ్వ అడిగింది. శానేండ్లు పడ్తది అన్న. అమ్మీ చున్నీతోని కండ్లు తుడుసుకున్నది. తర్వాత, అయితే గప్పటిదాక నేనుండాలె గదరా, నడువ్ దవాఖానకు అన్నది.

మన గల్లీ రిజ్వాన్ మామూ పాల వ్యానుల ఎక్కిచ్చుకొని పోయిండు. ప్రజ్ఞాపూర్ కాడ నడి రోడ్డు మీద రాళ్ళు పేర్చి వంటలు వండుతున్రు, సమ్మెల వంటావార్పు. ఒకడు ఉరికొచ్చి, బంద్ అని ఎరికలేదా, ఎనకకు తిప్పు అని వ్యాను మీద గుద్దిండు. అమ్మీ తల మీది చున్నీ జరంత జరిపింది. ఆ పిలగాడు మొఖం దించుకున్నడు. జాగియ్యున్రిరా, దవాఖాన బండి అని కేకేసిండు. కుతకుత ఉడికే అన్నం డేగ్షాను నలుగురు లేపి పక్కకు పెట్టిన్రు. ఒక అవ్వ ఇస్తారాకుల ఇంత అన్నం కట్టిచ్చి, తెలంగాణ వచ్చెదాక నువ్వుండాలె తల్లీ అన్నది. అమ్మీ ఏమన్నదో ఎరికేనా? తెలంగాణకు కాదవ్వా, నా బిడ్డ ఎలుకల మందు వచ్చెదాక ఉంట అన్నది. ఆ అవ్వ బీరిపోయి సూసింది. మామూ నవ్వలేక సచ్చిండు.

దవాఖానల ఇంజెక్షన్ ఎక్కిచ్చిన్రు. అమ్మీ మంచిగున్నది, మొన్నటి కంటె నయం. నువ్వు పని ఇడిసి రావద్దని చెప్పుమంటుంది. యాళ్ళకు తినుమంటుంది. రాత్రి ల్యాబు నుంచి ఒక్కదానివే నడిచి రావద్దంటుంది.

ఇట్లు,
నీ తమ్ముడు
అక్రమ్

ఇంకో ముక్క ఆపా. పైదంత అమ్మీకి సదివి ఇనిపిచ్చిన. సరే అన్నంకనే పంపిన. గిది ఇనిపియ్యలే. ఇంజెక్షన్ ఎక్కియ్యలే. డాక్టరమ్మ స్కానింగ్ ఫోటోలు సూసి, రోగం లివర్‌కు, గదే కార్జానికి పాకింది, ఇగ ఇంజెక్షన్‌కు తట్టుకోదు, ఇంటికి తీస్కపోయి మంచిగ సూసుకోన్రి అన్నది. అమ్మీ ఇన్నది. హీబాకు చెప్పకు, చెప్తే పని ఇడిసిపెట్టి వస్తది అని వ్యానుల నా చెయ్యి పట్టుకొని ఒట్టు పెట్టిచ్చుకున్నది. రాత్రి నిద్రల నీ పేరే పిలుస్తుంది. ఎలుకలకు ఎవలన్న మందు ఏస్తరు ఆపా. సమ్మెల రైళ్ళు గూడ ఆపుతరంటున్రు. ఆపకముందే ఎక్కు.