నల్లిబొక్కల వైద్యం

మంగళవారం, రాత్రి

రాయకుండానే పడుకుందామనుకున్నాను. మా తమ్ముడి కొడుకు రాజన్న తెలివికి కాగితం దండగ. వాడి చిన్నబిడ్డ కవిత ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేస్తోంది. రక్తాన్ని పుట్టించే మూలకణాల్లోనే, పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉందన్నాడు డాక్టరు. కవిత అక్క లత మూలుగ ఇవ్వవచ్చట. కానీ అదే లోపం ఆమెలోనూ దాగి ఉందేమో ముందు పరీక్షించాలట.

వీడేమో మేక నల్లిబొక్కలు ఉడికించి కవితకు తాగిస్తున్నాడు. మూలుగ పోతే మూలుగ పోయాలట, మహావైద్యుడు.

"లతకు పరీక్ష వద్దు పెద్దబాపు. అత్తగారోళ్లకు తెలిస్తే ఏమంటరు?" అన్నాడు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల నుంచీ చెరుకు వేస్తున్నవాడు వీడు. అందుకే అడిగాను.

"విత్తనం గడ చీల్చి, లోపల కుళ్లు పట్టి ఎర్రబారిందేమో సూడకుండ ఎప్పుడన్న నాటినవా రా?"

"గది చెరుకు."

"అవును, దానికి విలువున్నది."

తలొంచుకున్నాడు. నాకూ గెలిచినట్టు లేదు. లతలోనూ అదే ఉంటే కవితకు ఇక ఎవరు...

సాయంత్రం లత అత్తగారి ఊరు కోటగిరి నుంచి బస్సులో వచ్చి, తండ్రిని అడగకుండానే ఆసుపత్రిలో పరీక్షకు రక్తం ఇచ్చింది. గిన్నెలో మిగిలిన సూప్ కుక్కకు పోశాను.