గోదావరి మ్యాపు మీద బొట్టు

ఏవండీ,

నిన్నటితో మీ సంవత్సరీకాలు అయిపోయాయి. చెమ్మకి పాడవుతున్నాయని, జేబులో పట్టే మీ పాతకాలం అట్లాసులు అమ్మేద్దామని ఇవాళ కాకినాడ నుంచి పాత పుస్తకాల వ్యాపారిని పిలిపించాను. అతను వేలు నాలుకకి అద్దుకుని పేజీ తిప్పబోతుంటే, "తడి చెయ్యి వద్దండీ!" అని అరిచాను. అచ్చం మీరు నా మీద అరిచినట్టే.

అన్నిటికన్నా చిన్నదాంట్లో, రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన మన తీరం మ్యాపు దగ్గర ఆగాడు.

"ఎవరో కుంకుమ బొట్టు పెట్టి పాడుచేశారండీ. ఈ పేజీ కోసి పారేసి, మిగతావి విడదీసి ఫ్రేములు కట్టిస్తాను" అంటూ బ్లేడు తీశాడు.

వంగి చూశాను. గోదావరి సముద్రంలో కలిసేచోట, మ్యాపు చెక్కినవాడు పేరైనా రాయని మా పుట్టింటి ఊరు ఉండేచోట ఉంది ఆ బొట్టు. దసరాకి పుస్తకాలన్నిటికీ బొట్లు పెడుతుంటే, వీటి జోలికి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. అంటే ఇది పెట్టింది మీరే.

బ్లేడు పేజీ మీదికి వచ్చేసింది. ఇన్నేళ్లూ మీరు నా వేలు కూడా తగలనివ్వని ఆ కాగితం మీద అరచెయ్యి మొత్తం ఆనించాను.

"చెయ్యి తియ్యండమ్మా, తెగుతుంది" అన్నాడు.

తియ్యలేదండీ.