మడిలో నీళ్లు తీయనివ్వకు

యూయావ్ నుంచి

చెల్లీ యువేజెన్,

నా దగ్గు తగ్గింది, బెంగపడకు. తమ్ముడు దెగన్ వరి మడిలో నీళ్లు తీసేసి, అందులో పెరిగే మన చేపల్ని అమ్మేసి, పైరుకు మందు కొడతానన్నాడు. అవి అమ్మ పెళ్లినాడు పుట్టింటి నుంచి బుట్టలో తెచ్చుకున్న చేపల సంతతి. పోతే మళ్లీ రావు. ఈ కార్డు అందేదాకా వాడు ఆగుతాడో లేదోనని నాకిక్కడ కాలు నిలవడం లేదు.

ఇవాళ పాతకాలపు ఊరు బయటపడ్డ తవ్వకాలు చూశాను. ఒకే గోతిలో నల్లబడ్డ వరి ఊక, చేప ముళ్లు కలిసి ఉన్నాయి. "ముందు వరి వేశారా, చేపలు పట్టారా?" అని అక్కడి పండితుణ్ణి అడిగాను.

"చేపల కోసమే ఈ చిత్తడికి వచ్చారు తాతా. తిండి దొరికింది గనక నిలిచారు. నిలిచాకే, వాటంతట అవి మొలిచే వరి దుబ్బుల్ని సాకడం నేర్చుకున్నారు" అన్నాడు.

నేనీ మాటే చెబితే "అన్నయ్యకు చదువు అజీర్తి చేసింది" అని ఊరంతా నవ్వించాడుగా దెగన్! భోజనాల దగ్గర, వాడి పెళ్లాం కూడా వినేలా, ఇది గట్టిగా చదువు.

నా దుప్పటి ఎండలో వేశావా? బాతుల్ని మడిలోకి రానివ్వకు.

ఎల్లుండిగానీ బస్సు లేదు. ఈలోగా వాడు గట్టు తెగ్గొట్టి ఉంటే వాదించకు, బుట్ట తీసుకుని పరుగెత్తు. దొరికిన చేపపిల్లల్ని మన తాగునీటి తొట్టిలో వెయ్యి. మనకు నీళ్లు వాగు నుంచి మోసుకోవచ్చు.

ఇంట్లో పిల్లలకు నా దీవెనలు. దెగన్‌కు మాత్రం మడి చూశాకే.

అన్నయ్య ఇబింగ్