మెరక కోసం మరో నాలుగు రోజులు

వదినకు, నేను క్షేమమే. ఆదివారానికి వచ్చేస్తానన్నాను గాని, ఇంకో నాలుగు రోజులు ఆగక తప్పదు. అమ్మను కంగారు పడవద్దని చెప్పు.

ఈ ఊరి పల్లపు నేలలో నలభై ఇళ్లు కట్టనివ్వవచ్చో లేదో కొలిచి చెప్పమని ఆఫీసు వాళ్లు నన్ను పంపారు కదా. కిందటి వరద తాలూకు బురద చార అక్కడి పంపు షెడ్డు గోడ మీద నా భుజాల ఎత్తున ఉంది. కట్టవద్దని రాసి, నిన్న ఊరి సభలో చదివాను. ముగ్గురు పిల్లలతో అద్దె గదిలో ఉంటున్న కుట్టుపనావిడ లేచింది.

"వరద పదేళ్లకోసారి వస్తుందయ్యా. ఇంటివాడు నెలనెలా వస్తాడు. ఎక్కడ ఉండకూడదో రాశారు, ఎక్కడ ఉండాలో కూడా రాయండి" అంది.

నా కాగితంలో ఆ గడి లేదు వదినా. నా నోరు మూయించడం నీకొక్కదానికే చేతనవుతుందనుకున్నాను.

పల్లంలో వద్దన్న మాట మార్చలేదు. బడి వెనక మెరక కొలిచి చూస్తానన్నాను, సభ సరేనంది. అక్కడ పాతిక ఇళ్లకు మించి పట్టేలా లేవు. మిగతా పదిహేను కుటుంబాల సంగతి నాకూ తోచడం లేదు.

అమ్మ కంటి చుక్కలు అయిపోయి ఉంటాయి, తెప్పించు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? అన్నయ్య బాగుచేస్తానంటే మాత్రం చేయనివ్వకు.

కుట్టుపనావిడకు నా మీద కోపం తగ్గలేదు. అయినా ఈ పొద్దుటి నుంచి టేపు రెండో కొస ఆవిడే పట్టుకుంటోంది.

పెద్దలకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ మరిది