మాకు పొలాలుండేవి

ఖోబర్, సౌదీ, 2007. శుక్రవారం రాత్రి.

కాలు విరిగి మా వార్డులో ఉన్న నార్వే ఇంజనీరు ఇవాళ లాప్‌టాప్ నావైపు తిప్పాడు. వాళ్ల ఊరి చర్చి పాత బాప్తిస్మాల పుస్తకంలో ముత్తాత పేరు దొరికిందట. పేరు పక్కన వాళ్ల భాషలో ఒక మాట. అంటే మన పాలేరే. దానికే ఎంత మురిసిపోయాడో.

"మీ వాళ్లేం చేసేవారు సిస్టర్?" అన్నాడు.

"మాకు పొలాలుండేవి సార్" అనేశాను.

"అయితే మా ముత్తాత మీ ఇంట్లోనే పనికి కుదిరేవాడు" అని నవ్వాడు.

బీపీ చూస్తూ తల వంచుకున్నాను. మా చర్చి పుస్తకంలో తాతయ్య పేరు పక్కనా అదే మాట ఉంది. అమ్మ వేలు పెట్టి చూపించింది.

రేపు ఆయన డిశ్చార్జి. అబద్ధమాడానని ఒప్పుకోగలను. పాలేరన్న మాటే నోటికి రావడం లేదు, తాతయ్యా...