నారమ్మ పారబోసిన కూర

నాయనా సాల్మన్,

అమ్మ దీవెనలు. ఫోన్‌లో చెబుదామంటే అటు నీ పక్కన కోడలు స్వప్న ఉంటుంది, ఇటు మీ నాయన ఉంటాడు. అందుకే చివరికి పెన్ను పట్టాను. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. పుణెలో మీరిద్దరూ బాగున్నారని నమ్ముతున్నాను.

నడుము పట్టీతోపాటు పంపిన చీటీలో రెండు సంగతులు అడిగావు. నడుము కొంచెం నయం. చేనులో కలుపు ఈసారి లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. సెలవుకు వచ్చిన నువ్వు తెల్లారి బస్సెక్కి వెళ్లాక, ముందురోజు విప్పిన నీ చొక్కా నీళ్లలో వేస్తే గడ్డిమందు వాసన గుప్పుమంది.

చేనుకు పరుగెత్తేసరికి నారమ్మ కంది సాళ్ల నడుమ తుమ్మికూర తెంపుతోంది. కలుపుతోపాటు మొలిచే కూరను ఎవరి చేనులోనైనా ఎవరైనా తెంపుకోవచ్చని నీకూ తెలుసు. మందుల్లేకుండా పండించే మన ఆడవాళ్ల సంఘంలో ఇంతవరకు అడ్డు చెప్పినవాళ్లు లేరు. నేను చెప్పాను.

"నారమ్మా, ఒడిల కూర పారబొయ్యి. మా చేన్ల తెంపకు."

నీ పేరు బయటపడుతుందని కారణం చెప్పలేదు.

"ఏందక్కా, ఆకుకు గూడ తాళమేస్తవా? మా కోడలు నీళ్లోసుకున్నది, తుమ్మికూర మీద పానం గుంజుతున్నదంటే వచ్చిన. నీ చేను నువ్వే మేసుకో పో!" అని ఒడి విదిలించి వెళ్లిపోయింది.

మొన్న సంఘం ఆడవాళ్లు చేన్లు చూడటానికి వచ్చారు. మందు కొట్టలేదని ఒకరికొకరం సాక్ష్యం చెబితేనే గింజలు ఉమ్మడి గాదెలో కలుపుతాం. అంగన్‌వాడీ పిల్లలకు జావ కాచేది ఆ గింజలతోనే. నాతో మాట మానేసిన నారమ్మే ముందు నోరు విప్పింది.

"బాలమణక్క పిసినారే గని అబద్ధమాడదు. ఈ చేను చూసుడెందుకు, నడువున్రి."

ఇక నావల్ల కాలేదు. "మందు పడ్డది. మా గింజలు కలపకున్రి" అన్నాను.

నారమ్మ గట్టు మీద కూలబడింది. "ఆ పొద్దే చెప్తే ఏమయితుండె అక్కా? ఇన్నొద్దులు నిన్ను తిట్టుకుంట తిరిగిన." నావైపు తిరిగి, "ఎవరు కొట్టిన్రు? నర్సప్ప బావనేనా?" అంది.

నేను కాదనలేదు. ఇప్పుడు ఊరంతా మీ నాయనే కొట్టాడనుకుంటోంది. ఆయనతో అంటే "పిల్లగాని మీదికి రాకపాయె, ఊకో" అన్నాడు. ఆదివారం చర్చిలో ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి వెనక గోడ పక్కన కూర్చున్నాడు. మోకరిస్తే నాకు ప్రార్థన రావడం లేదు.

నా నడుము కోసమే చేశావని తెలుసు. నీమీద కోపం లేదు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మాత్రం మన ఇంటికంటే ముందు నారమ్మ ఇంటికి వెళ్లు. ఈ కాగితాలు దాచుకో, స్వప్నకు కూడా చూపకు. మందు కొట్టింది నువ్వేనని నీ నోటితోనే చెప్పాలి.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ
బాలమణి