రెండు దెబ్బల మగ్గం

దుర్మతి నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి

పూజ్యులైన నా పెనిమిటి రామలింగయ్య గారి పాదాలకు చౌడమ్మ నమస్కరించి రాయునది. చౌడేశ్వరి తల్లి దయవల్ల నేను క్షేమం. మీరెలా ఉన్నారోనని ప్రాణం కొట్టుకుంటోంది. నోటితో అనకూడని పేరు కాగితం మీద రాశాను, అత్తయ్యతో చెప్పకండి. అక్షరాలు వంకర టింకరగా ఉంటే ఆ పాపం నేర్పిన గురువుగారిదే. పైన ఊరి పేరు రాయలేదేమని కోప్పడకండి. అది చివర్న చెబుతాను.

మీరు సభలో స్వరాజ్యం పాట పాడి, ఏడాది శిక్ష పడి జైలుకు వెళ్ళిన కొద్దిరోజులకే మన ఊరు ఊరంతా ఇళ్ళు వదిలేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మున్సిపాలిటీ మాకొద్దు, దాని పన్ను మేం కట్టమంటే దొరలు వినలేదు. ఊళ్ళో కాపురం ఉంటేనే గదా పన్నని, పొలిమేర దాటి ఇసక దిబ్బ మీద తాటాకు గుడిసెలు వేసుకున్నాం. ఎండాకాలం మాడిపోయాం, వానాకాలం నానిపోయాం. అయినా ఒక్కరూ వెనక్కి పోలేదు. అత్తయ్య మాత్రం రోజూ తెల్లారగానే, "ఆ కలెక్టరు దొర పెళ్ళాన్ని తీసుకొచ్చి ఈ కారే గుడిసెలో ఒక్క వానకి కాపురం పెట్టిస్తే తెలిసొచ్చిద్ది" అని దండకం ఎత్తుకునేది.

తిరగలి మోసుకొచ్చాం, రోలు మోసుకొచ్చాం. గుంట మగ్గాన్ని ఎవరు మోస్తారు చెప్పండి? ఇసకలో గుంట తవ్వితే పొద్దున తవ్వింది సాయంత్రానికి పూడిపోయేది. ఊళ్ళో మగ్గాలన్నీ అలాగే పడున్నాయి. వాటితోపాటు మన మగ్గం మీద మీరు సగం నేసి వదిలిన పంచెల పడుగూ ఉంది.

మీ మగ్గం చప్పుడు లేని ఇల్లు నాకు ఇల్లులా ఉండేది కాదు. మీరు గుంటలో కూర్చుంటే గట్టిగా రెండు దెబ్బలు, ఆపైన ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఆగడం. మళ్ళీ రెండు దెబ్బలు. వీధిలో ఎన్ని మగ్గాలాడుతున్నా అది మీదేనని వంటింట్లోంచే చెప్పేదాన్ని. జైల్లో కూడా మిమ్మల్ని మగ్గం మీదే పెట్టారని విడుదలై వచ్చిన పిచ్చయ్య మామ చెప్పాడు. ఇప్పుడు కూడా పొద్దున్నే ఆ చప్పుడు నా చెవిన పడుతుంది. విన్నంతసేపూ చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది.

ఆమధ్య పన్ను కింద మగ్గాలు జప్తు చేస్తారని పుకారు పుట్టింది. సగం నేసిన పడుగు తెంపితే నేసినవాడికి కీడని మనవాళ్ళ నమ్మకం గదా. బంట్రోతులొచ్చి మీ పడుగు కోసేస్తారేమోనని నాకు ముద్ద దిగలేదు. ఊళ్ళో కాపురం ఉండకూడదని ఒట్టు వేసుకున్నాం గాని, పడుగు నెయ్యకూడదని ఎవరూ ఒట్టు వెయ్యలేదు. పగలు వెళ్ళి నేసి, పొద్దు వాలకముందే గుడిసెకు వచ్చేద్దామనుకున్నాను. మన ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టడమే గాని గుంటలో దిగి ఎరగరు. అత్తయ్యను అడగడానికి భయపడ్డాను. ఆవిడేమో, "నా కొడుకు పడుగు నువ్వు గాక ఎవురు నేస్తారే? పో, పో" అంది. పిచ్చయ్య మామ భార్య మాత్రం బిందె దించి, "గుడిసె చేదైనట్టుందే మా తల్లికి, మేడకి పోతావుంది" అని నలుగురూ వినేటట్టు అంది. నాకు కడుపు మండింది. అయినా వెళ్ళాను.

గుంటలో దిగి మీ చోట కూర్చున్నాను. మీ పాదాలు పడి పడి తొక్కుడు చెక్కలు నున్నగా అరిగిపోయాయి. ఆ అరిగినచోటే నా పాదాలు పెట్టాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఏడ్చి, ముక్కు చీది, నూలు కండె పెట్టిన నాడె అందుకున్నాను. మీ నేత బిగువు, నాది వదులు. మీరెక్కడ ఆగారో నేనెక్కడ మొదలుపెట్టానో చేత్తో తడిమితే చాలు తెలిసిపోతుంది. అలిసినప్పుడల్లా ఆ అతుకు మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. మీరు పక్కనున్నట్టే ఉండేది.

ఒకరోజు చప్పుడు విని బిల్లు కలెక్టరు గుమ్మంలోకి వచ్చాడు. "మగ్గం ఆడతావుందంటే ఇంట్లో కాపురం ఉన్నట్టే. పన్ను తియ్" అన్నాడు. నాకు ఎక్కడలేని నోరూ వచ్చింది. "కాపురమా? కాపురం చేసేవాణ్ణి తీసకపోయి మీరే జైల్లో పెట్టుకున్నారు గదయ్యా. పన్ను కూడా మీరే కట్టుకోండి" అన్నాను. మొహం కందగడ్డ చేసుకుని పోయాడు.

పడుగు పూర్తి చేశాను. పసుపూ బొట్టూ పెట్టి, మనం కోసే పద్ధతిలోనే కోశాను. పంచెలు అత్తయ్య దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరొచ్చేదాకా మడత విప్పనంది. మీకే కీడూ రాదు. ఇంక దిగులు పడకుండా వేళకు తినండి.

ఇట్లు,
మీ రాక కోసం కళ్ళు కాయలు చేసుకున్న
చౌడమ్మ

తా.క. ఇక అసలు సంగతి. ఈ కాగితానికి తపాలా బిళ్ళ లేదు, చూశారా? ఆ బిల్లు కలెక్టరు మళ్ళీ వచ్చాడు, ఈసారి సమన్లు తెచ్చాడు. మగ్గం ఆడింది గనుక కాపురం ఉన్నట్టేనని మేజిస్ట్రేటు కూడా తేల్చాడు. పన్ను కట్టి ఇంటికి పోతావా, జైలుకు పోతావా అని అడిగాడు. నేను కట్టనన్నాను. అత్తయ్యకు ఇప్పుడు అన్నం పెడుతున్నది ఆ గుడిసె చేదైందన్న మహాతల్లే. కోప్పడకండి, నేను మీరున్న జైల్లోనే, ఆడవాళ్ళ వైపు ఉన్నాను. మధ్యన ఒక్క గోడ. కలుసుకోనివ్వరట. ఉత్తరం మాత్రం జైలరుగారు చదివి మీకు అందిస్తానన్నారు. పొద్దున్నే నా చెవిన పడుతుందన్న చప్పుడు గుర్తుకొచ్చిన చప్పుడు కాదండీ, గోడ అవతల మీరు కొట్టేదే. రేపు రెండు దెబ్బల తరవాత ఆగకండి. మూడోది కూడా కొట్టండి. నా ఉత్తరం అందిందనుకుంటాను.